అంబాసిడర్‌కు దాయాదులు: పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కార్ల పునరుద్ధరణ

ఆంధ్రదేశంలో 1960, 70 దశకాలలో పెరిగినవారికి కారు అనగానే కళ్ళముందు మెదిలే రూపాలు రెండు మూడే. గుండ్రని వీపుతో డాక్టరుగారి ఇంటిముందో, కలెక్టరుగారి కచేరీముందో ఆగి ఉండే అంబాసిడర్ ఒకటి. మద్రాసులో తయారై, ముందుభాగమంతా ఒకే మూతగా పైకి లేచే స్టాండర్డ్ హెరాల్డ్ మరొకటి. ఈ రెండింటికీ ఇంగ్లండులో దాయాదులు ఉన్నారన్న సంగతి నాడు చాలామందికి తెలియదు. అంబాసిడర్‌లో దశాబ్దాలపాటు పనిచేసిన 1489 ఘన సెంటీమీటర్ల ఇంజను బి.ఎం.సి. సంస్థవారి ‘బి-సిరీస్’ కుటుంబానికి చెందినది. 1955లో వెలువడిన ఎం.జి.ఎ. అనే స్పోర్ట్స్ కారులో ఉన్నది కూడ ఆ ఇంజనే. రెండు కార్బురేటర్లు తగిలించి దానిచేత పరుగు తీయించారు. ఇక హెరాల్డ్ చట్రాన్ని కురచ చేసి, మార్పులు చేసి, దానిపై నిర్మించినదే 1962 నాటి ట్రయంఫ్ స్పిట్‌ఫైర్. ఒకే ఇంట పుట్టి ఒకరు గుమాస్తాగాను, మరొకరు నాటకాలలో వేషగాడుగాను స్థిరపడినట్లన్నమాట.

ఈ దాయాదులలో ఎక్కువ పేరు తెచ్చుకున్నది ఎం.జి.బి. దీనిలోనిది కూడ బి-సిరీస్ ఇంజనే, కాని 1798 ఘన సెంటీమీటర్లకు పెంచినది. 1962లో ఆక్స్‌ఫర్డ్ సమీపంలోని అబింగ్డన్ కర్మాగారంలో మొదలై, 1980 అక్టోబరులో నిలిచిపోయే నాటికి ఐదు లక్షలకు పైగా కార్లు తయారైనాయి. వానిలో అధికభాగం ఉత్తర అమెరికాకు ఓడలెక్కి వెళ్ళినవే. (2019 నుండి హైదరాబాదు వీధులలో తిరుగుతున్న ఎం.జి. కార్లకు పేరు తప్ప వీనితో బంధుత్వం లేదు. ఆ పేరు ఇప్పుడు చైనా సంస్థది.)

కర్మాగారం మూతపడి నలభై ఏళ్ళు దాటినా, టెక్సాస్‌లోనో బర్మింగ్‌హామ్‌లోనో పక్కింటి గరాజులో ఒక ఎం.జి.బి. విప్పి పరచి ఉండడం, రెండేళ్ళ తరువాత అది నిగనిగలాడుతూ వీధిలోకి రావడం తెలుగు కుటుంబాలు చూసేదే. పుట్టినిల్లు లేని యంత్రానికి ఇన్నేళ్ళ తరువాత ప్రాణప్రతిష్ఠ ఎట్లా సాధ్యం? డబ్బుంటే ఇనుము దొరుకుతుంది. దొరకడం కష్టమైనది సరియైన సమాచారం. ఏ బోల్టుకు ఏ మర, ఏ తీగకు ఏ రంగు, ఏ రేకును ముందు కోయాలి, దేనిని చివర కోయాలి అన్న వివరాలు ఎక్కడెక్కడ నిలిచి ఉన్నాయో తెలిస్తేనే ఈ పని సాగుతుంది.

ముందుగా శత్రువు సంగతి. ఈ కార్ల మృత్యువు ఇంజనులో లేదు, తుప్పులో ఉన్నది. ఎం.జి.బి.కి అంబాసిడర్‌వలెనే విడిగా చట్రం లేదు. రేకులతో కట్టిన పెట్టెలే దాని అస్థిపంజరం. తలుపు క్రింద గడపవలె నిలువునా సాగే పెట్టెను సిల్ అంటారు. పైకప్పు లేని కారులో ముందు భాగాన్నీ, వెనుక భాగాన్నీ కలిపి నిలబెట్టే ప్రధాన ఆధారం ఈ గడపే. ముందుచక్రం విసిరే బురద చక్రం వెనుక రెక్కలో పేరుకొని గడప కొనవద్ద తేమను పట్టి ఉంచుతుంది. నీరు పోవలసిన రంధ్రాలు మట్టితో పూడిపోతాయి. శీతకాలంలో రోడ్లపై చల్లే ఉప్పు ఆ నీటిలో కరిగి విద్యుత్తును సులువుగా ప్రవహింపజేస్తుంది.

ఇక్కడ జరిగేది ఒక చిన్న బ్యాటరీ పని. ఇనుముపై నిలిచిన నీటిచుక్క అంచువద్ద గాలిలోని ఆక్సిజన్ సమృద్ధిగా అందుతుంది. నడుమ తక్కువగా అందుతుంది. ఈ తేడా చాలును. నడుమనున్న ఇనుము ఎలక్ట్రానులను వదలి నీటిలోకి దిగిపోతుంది. ఆ ఎలక్ట్రానులను అంచువద్ద ఆక్సిజన్ స్వీకరిస్తుంది. రెండూ కలిసినచోట ఎర్రని తుప్పు ఏర్పడుతుంది. తుప్పు తాను తిన్న ఇనుముకంటే ఎన్నోరెట్లు చోటు ఆక్రమిస్తుంది గనుక, అతికి ఉన్న రెండు రేకులను విడదీసుకుంటూ పోతుంది. రంగుపై చిన్న బుడగ కనిపించిందంటే లోపల కథ ముగిసిందనే అర్థం. అందుకే అనుభవజ్ఞులు మెరిసే రంగును చూడరు. వంగి తలుపు క్రింద తట్టి చూస్తారు. తలుపు వెనుక సందు పైభాగంలో ఇరుకుగా, క్రింద వెడల్పుగా కనిపిస్తే కారు నడుము కుంగినదని తెలుసుకుంటారు.

కుళ్ళిన గడపను తీసి క్రొత్తది అతకడంలో ఒక ప్రమాదం ఉన్నది. తొందరపడి రెండు వైపులా ఒకేసారి కోసివేస్తే శరీరం ఎండలో పెట్టిన అప్పడంవలె వంగుతుంది. ఆ వంకరలోనే క్రొత్త రేకు అతికితే ఇక ఆ జన్మకు తలుపు సరిగా పడదు. కోయకముందే తలుపు ఖాళీకి అడ్డంగా ఇనుపబద్దను అతికి, శరీరాన్ని సమంగా నిలబెట్టి, ఒకవైపు పూర్తయిన తరువాతనే రెండవవైపు ముట్టుకోవడం పద్ధతి. తలుపును మధ్య మధ్య బిగించి సందు సరిచూడడం మరువరాదు.

చిన్న చిన్న భాగాల తుప్పును వదిలించడానికి ఇంటిలోనే చేయదగిన ప్రక్రియ ఒకటి కలదు. ప్లాస్టిక్ తొట్టిలో చాకలిసోడా కరిగించి, తుప్పుపట్టిన భాగాన్ని పన్నెండు వోల్టుల ఛార్జరు ఋణధ్రువానికి, పనికిరాని ఇనుపముక్కను ధనధ్రువానికి తగిలించి కొన్ని గంటలు ఉంచితే తుప్పు వదులై కడిగితే పోతుంది. హైస్కూలులో నేర్చిన విద్యుద్విశ్లేషణ ఇదే. హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది కనుక ఆరుబయటనే చేయాలి, దగ్గర నిప్పు ఉండరాదు. ధనధ్రువం వద్ద స్టెయిన్‌లెస్ స్టీలు వాడకూడదు. దానిలోని క్రోమియం విషపదార్థంగా మారి నీటిలో కలుస్తుంది. స్ప్రింగులను, గట్టిపరచిన బోల్టులను ఈ తొట్టిలో వేయరాదు. హైడ్రోజన్ వానిలోకి చొచ్చుకొనిపోతే పెళుసెక్కి విరుగుతాయి.

శరీరమంతా తినివేయబడితే? 1988లో దీనికొక అపూర్వమైన పరిష్కారం లభించింది. బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థవారు ఎం.జి.బి. రేకులను అచ్చొత్తిన పాత అచ్చులను వెదకి పట్టుకొని, వానితోనే శరీరాలను తిరిగి తయారుచేయనారంభించారు. తన పాతకారు ఇంజను, ఇరుసులు, సీట్లు ఈ క్రొత్త శరీరంలోకి మార్చుకోవచ్చును. జీర్ణవస్త్రాలను విడిచి క్రొత్తవి ధరించడమనే ఉపమానం ఇక్కడ అక్షరాలా నిజమే, కాని అది ఆ పాతకారేనా, కాదా అన్న తగవు అభిమానులలో ఇంకా తెగలేదు. నిలువెల్లా కుళ్ళిన రేకులో కుటుంబాన్ని కూర్చోబెట్టుకొని తిరగడంకంటే ఇది మేలన్నది మాత్రం నిశ్చయం. బ్రిటన్‌లో నలభై ఏళ్ళు దాటి పెద్ద మార్పులకు లోనుకాని వాహనాలకు 2018 మే నుండి వార్షిక తనిఖీ తప్పనిసరి కాదు. తుప్పుకు మాత్రం అటువంటి మినహాయింపు లేదు.

అచ్చులవలెనే దస్తరాలు కూడ నిలిచినాయి. వార్విక్‌షైర్‌లోని గేడన్‌లో 1993లో తెరచిన మోటారు వాహన ప్రదర్శనశాలకు ఇప్పుడు బ్రిటిష్ మోటార్ మ్యూజియం అని పేరు. కర్మాగారపు ఉత్పత్తి పద్దులు అక్కడి దస్తరాలయంలో ఉన్నాయి. యజమాని కారు సంఖ్యతో అంతర్జాలం ద్వారా అర్జీ పెట్టుకొని రుసుము చెల్లిస్తే, ఆ కారు ఏ తేదీన తయారైనది, మొదటి రంగు ఏమి, ఏ సంఖ్యగల ఇంజనుతో ఏ దేశానికి వెళ్ళినది అన్న వివరాలతో ధ్రువపత్రం వస్తుంది. కారుకు జాతకం అన్నా తప్పులేదు. కారు సంఖ్యే సగం కథ చెబుతుంది. ‘జి.హెచ్.ఎన్. 3’ అని ఉంటే, ‘జి’ ఎం.జి. సంస్థకు, ‘హెచ్’ ఇంజను పరిమాణానికి, ‘ఎన్’ రెండు సీట్ల తెరచిన కారుకు, ‘3’ శ్రేణికి గుర్తు. మూడవ అక్షరం ‘డి’ అయితే పైకప్పుగల జి.టి. అన్నమాట. విడిభాగాల అమ్మకందారులు అంతర్జాలంలో ఉంచిన పటాలలో భాగాలన్నీ విప్పి వరుసగా పేర్చినట్లు చిత్రించి ఉంటాయి. ఏ వాషరు ఏ నట్టుకు ముందు రావాలో వాటిని చూచి తెలుసుకోవచ్చును. ఒకప్పుడు ఈ పుస్తకంకోసం ఇంగ్లండుకు ఉత్తరం వ్రాసి నెలలు నిరీక్షించవలసి వచ్చేది.

పాత సమాచారం లేకపోతే ఎంత చిక్కో చెప్పడానికి ఎం.జి.బి.కంటే ముందుతరానికి చెందిన ఎం.జి. టి.సి. ఉదాహరణ చాలును. 1945-49 మధ్య తయారైన ఈ కారు ఇంజను బోల్టుల మరలు మెట్రిక్ కొలతలవి, తలలు మాత్రం బ్రిటిష్ విట్‌వర్త్ కొలతలవి! మారిస్ సంస్థ 1923లో కొనుగోలు చేసిన కావెంట్రీలోని ఇంజను కర్మాగారం అంతకుముందు హాచ్‌కిస్ అనే ఫ్రెంచి సంస్థది. అక్కడి యంత్రాలు ఫ్రెంచి మరలే కోసేవి. బ్రిటిష్ మెకానిక్కుల చేతిలోని రెంచీలకు సరిపోవడానికి తలలు మార్చారు. ఈ సంగతి తెలియక అంగుళాల బోల్టును బలవంతంగా తిప్పినవాడు ఇంజను దిమ్మనే పాడుచేసుకుంటాడు.

ఇంజనుకు ఊపిరి పోసే ఎస్.యు. కార్బురేటర్ గురించి కొంత విపులంగా చెప్పుకోవాలి. దీనిని 1904 ప్రాంతంలో రూపొందించిన హెర్బర్ట్ స్కిన్నర్ పాదరక్షల వ్యాపారి ఇంటి బిడ్డ. తొలి నమూనాలలో కొలిమితిత్తివంటి తోలుతిత్తి ఉండేదంటే ఆశ్చర్యం లేదు. తరువాత దాని స్థానంలో పిస్టన్ వచ్చింది. మామూలు కార్బురేటర్‌లో గాలి వెళ్ళే గొంతు పరిమాణం మారదు, ఎస్.యు.లో మారుతుంది. ఇంజను ఎక్కువ గాలిని పీల్చినప్పుడు గొంతుపైన ఉన్న పిస్టన్ పైకి లేచి దారి వెడల్పు చేస్తుంది, తక్కువైతే దిగుతుంది. అందువలన గొంతులో గాలివేగం ఇంచుమించు ఒకేతీరుగా ఉంటుంది. పిస్టన్ క్రింద వ్రేలాడే సూది పెట్రోలు రంధ్రంలోకి దిగి ఉంటుంది. సూది క్రిందికి పోనుపోను సన్నబడుతుంది కనుక పిస్టన్ లేచినకొద్దీ రంధ్రంలో ఖాళీ పెరిగి పెట్రోలు ఎక్కువగా వస్తుంది. కదిలే భాగాలు ఇంతే.

పిస్టన్ పైనున్న గొట్టంలో కొద్దిగా నూనె పోస్తారు. ఒక్కసారిగా కాలు నొక్కితే పిస్టన్ ఎగిరిపోకుండ ఆ నూనె నిదానింపజేస్తుంది. ఆ క్షణంలో గాలికంటే పెట్రోలు పాలు హెచ్చి ఇంజను తడబడకుండ అందుకుంటుంది. కారు త్వరణంలో తటపటాయిస్తున్నదని వేలు ఖర్చుపెట్టే యజమానికి కావలసినది ఒక్కోసారి చెంచాడు నూనె మాత్రమే. ఎస్.యు. భాగాలు నేటికీ ఇంగ్లండులో క్రొత్తగా తయారవుతున్నాయి.

విద్యుత్తు విషయంలో ఈ కార్లకు అపకీర్తి ఎక్కువ, కాని దోషం చాలావరకు తుప్పెక్కిన అతుకులది. తీగల రంగులకు ఒక నియమం ఉన్నది: గోధుమరంగు ఎల్లప్పుడూ బ్యాటరీతో కలిసి ఉండేది, తెలుపు తాళం త్రిప్పితే పనిచేసేది, ఆకుపచ్చ దాని తరువాత ఫ్యూజు దాటి వచ్చేది, నీలం పెద్దదీపాలది, నలుపు భూమికి. ఈ ఐదు గుర్తున్నవారికి పటం సగం అర్థమైనట్లే. 1967కు ముందు ఎం.జి.బి.లలో బ్యాటరీ ధనధ్రువాన్ని కారు శరీరానికి కలిపేవారు. ఈనాటి పద్ధతి దీనికి విరుద్ధం. అది గమనించక నేటి రేడియోను తగిలిస్తే ఆ క్షణమే బూడిద.

ఇంతవరకు పాత పుస్తకమే ప్రమాణం. పెట్రోలు దగ్గర మాత్రం ఆ పుస్తకం చాలదు. ఆనాటి పెట్రోలులో సీసం కలిసి ఉండేది. అది మండగా మిగిలిన పదార్థం వాల్వు కూర్చునే పీటపై పలుచని పొరగా ఏర్పడి రక్షణ ఇచ్చేది. సీసం విషం కనుక అమెరికాలో 1996 ఆరంభంనుండి రోడ్డు వాహనాలకు దానిని నిషేధించారు. బ్రిటన్‌లో 1999 చివరతో సాధారణ విక్రయం ముగిసింది. భారతదేశంలో 2000 ఫిబ్రవరి నుండి లేదు. ఆ పొర లేనప్పుడు ఎర్రగా కాగిన ఎగ్జాస్టు వాల్వు మెత్తని పోతఇనుప పీటకు క్షణక్షణం అతుక్కొని, లేచినప్పుడెల్లా అణుమాత్రం ఇనుమును పెరుక్కుపోతుంది. దానితో పీట అరిగి వాల్వు లోపలికి దిగుతుంది. దీనికి మందు ఇంజను తల విప్పినప్పుడు గట్టి లోహపు పీటలు పొదిగించడం.

రెండవ మార్పు ఇథనాల్. బ్రిటన్‌లో 2021 సెప్టెంబరు నుండి సాధారణ పెట్రోలులో పదిశాతం వరకు ఇథనాల్ కలుపుతున్నారు. అమెరికాలో ఇది అంతకుముందే మామూలైనది. ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరు గొట్టాలను పగుళ్ళు పట్టిస్తుంది. వేడెక్కిన ఇంజనుపై చుక్క చుక్కగా కారే పెట్రోలు ఏమి చేయగలదో చెప్పనక్కరలేదు. ఇథనాల్‌ను తట్టుకొనే గొట్టాలకు మార్చుకోవడం మొదటిపని. తరువాత, ఇథనాల్‌లో ఆక్సిజన్ ఉన్నందున మిశ్రమం పలచబడుతుంది; ఎస్.యు. క్రింది నట్టును కొద్దిగా త్రిప్పి రంధ్రాన్ని దించితే సరిపోతుంది. బ్రిటన్‌లోని యజమానులు ఐదుశాతానికి మించని సూపర్ రకాన్ని వాడడం ఉత్తమం.

ఇంజను తల విప్పడం ఇప్పట్లో కుదరని యజమానికి పీట అరుగుదలను కనిపెట్టే సులువైన మార్గం ఒకటున్నది. ఎం.జి.బి. ఇంజను చల్లగా ఉన్నప్పుడు వాల్వు సందు అంగుళంలో వెయ్యింట పదిహేను వంతులు ఉండాలి. సరిచేసిన తేదీ, నడిచిన మైళ్ళు, ఎనిమిది వాల్వుల కొలతలు ఒక పుస్తకంలో వ్రాసుకోవాలి. మూడువేల మైళ్ళ తరువాత మళ్ళీ కొలిచినప్పుడు ఎగ్జాస్టు వాల్వుల సందులు మాత్రమే తగ్గుతూ ఉంటే పీటలు అరుగుతున్నట్లే.