విప్పి బిగించే సామానుకి లోహపు మర

ఇంటి పనులు సొంతంగా చేసుకునేవాళ్ళ కోసం ఈ వారం చెప్పబోయేది బొటనవేలి గోరంత వస్తువు గురించి. దాన్ని త్రెడెడ్ ఇన్సర్ట్ అంటారు. మనం ఇన్సర్టు అనుకుందాం.

పరాయి దేశంలో ఉండే మనవాళ్ళకి ఇల్లు మారడం మామూలే. ప్రాజెక్టు మారితే ఊరు మారాలి, లీజు అయిపోతే అపార్ట్‌మెంటు మారాలి, పిల్లల స్కూలు కోసం ఇంకోసారి మారాలి. మారినప్పుడల్లా మంచం, బల్ల, పుస్తకాల బీరువా విప్పడం, కొత్త ఇంట్లో మళ్ళీ బిగించడం. మొదటిసారి గట్టిగానే ఉంటాయి. రెండోసారి కిర్రుమంటాయి. మూడోసారి స్క్రూ ఎంత తిప్పినా తిరుగుతూనే ఉంటుంది గానీ బిగుసుకోదు. అగ్గిపుల్ల ముక్కకి జిగురు పూసి బెజ్జంలో దూరుస్తాం. అది పై మారకం దాకా నిలుస్తుంది, అంతే.

ఎందుకలా అవుతుంది? స్క్రూ చెక్కలోకి దిగేటప్పుడు పీచుని కోసుకుంటూ తన మరని తనే చేసుకుంటుంది. విప్పి మళ్ళీ బిగిస్తే పాత గాడిలోకి సరిగ్గా పోతుందన్న నమ్మకం లేదు, పక్కన కొత్త గాడి కోస్తుంది. అలా రెండు మూడు సార్లయితే పట్టుకోవడానికి పీచే మిగలదు. రంపపు పొట్టూ జిగురూ కలిపి అచ్చు పోసిన పార్టికల్ బోర్డు అయితే మరీ త్వరగా పొడైపోతుంది. అంటే లోపం స్క్రూలో లేదు. విప్పి బిగించే శ్రమంతా చెక్క మీద పడడమే లోపం. ఇన్సర్టు ఆ శ్రమని చెక్క మీంచి తీసి లోహం మీద పెడుతుంది.

చూడ్డానికి అది చిన్న గొట్టం. బయటవైపు చెక్కని పట్టుకునే వెడల్పాటి మర, లోపలివైపు బోల్టుకి సరిపోయే సన్నటి మర. దాన్ని చెక్కలోకి ఒక్కసారే దించుతాం, మళ్ళీ తియ్యం. ఆ తర్వాత ఎన్నిసార్లు విప్పినా లోహంలో లోహం తిరుగుతుంది, చెక్క జోలికి పోదు.

ఇవి ముఖ్యంగా మూడు రకాలు. ఇత్తడివి, టేకు, ఓక్ లాంటి గట్టి చెక్కలకి బాగుంటాయి. జింకు మిశ్రమంతో చేసినవి చవక, ఆలెన్ కీతో తిప్పచ్చు, పైన్ లాంటి మెత్తటి చెక్కకీ ప్లైవుడ్డుకీ సరిపోతాయి. సుత్తితో కొట్టి దించేవి మూడో రకం. బరువు మోసే చోట నేను వాటిని వాడను, లాగితే ఊడివచ్చే గుణం వాటిది.

కొనేముందు కొలత చూసుకోండి. అమెరికాలో ఎక్కువగా దొరికేది 1/4-20, అంటే పావు అంగుళం లావు, అంగుళానికి 20 చుట్లు. గల్ఫ్‌లోనూ యూరప్‌లోనూ దొరికేది ఎమ్6, అంటే 6 మిల్లీమీటర్ల లావు, చుట్టుకీ చుట్టుకీ మధ్య 1 మిల్లీమీటరు. పావు అంగుళమంటే 6.35 మిల్లీమీటర్లు కాబట్టి రెండూ ఒకేలా కనిపిస్తాయి, కానీ ఒకదానిలో ఒకటి పట్టవు. బలవంతం చేస్తే మర పాడవుతుంది. అందుకే ఇన్సర్టూ బోల్టూ ఒకే చోట, ఒకే కొలతలో కొనండి.

ఇక పని. బల్ల కాలుని పైచెక్క కింది చట్రానికి బిగిస్తున్నాం అనుకోండి. ముందు చట్రంలో బోల్టు వదులుగా దూరే బెజ్జం పెట్టండి, ఎమ్6 అయితే 6.5 లేక 7 మిల్లీమీటర్లు. కాలుని దాని స్థానంలో క్లాంపుతో బిగించి, ఆ బెజ్జంలోంచే కాలు మీద గుర్తు పెట్టండి. రెండూ విడివిడిగా కొలిచి గుర్తు పెడితే చివర్లో కలవడం కష్టం.

ఇన్సర్టు కోసం ఎంత లావు బెజ్జం కావాలో పాకెట్ మీద ఉంటుంది. లేకపోతే మర వదిలేసి లోపలి గొట్టం లావు కొలవండి. మెత్తటి చెక్కకి అదే కొలత, గట్టి చెక్కకి ఒక పిసరు ఎక్కువ. లోతు ఇన్సర్టు పొడవు కన్నా రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువ ఉండాలి. బోల్టు కొన ఇన్సర్టు దాటి వచ్చేటట్టయితే దానికీ చోటు వదలండి. డ్రిల్ నిటారుగా పట్టుకోండి, బెజ్జం వంకరైతే బోల్టూ వంకరే. తర్వాత బెజ్జం అంచుని కొద్దిగా ఏటవాలుగా చెక్కండి, లేకపోతే ఇన్సర్టు దిగేటప్పుడు చుట్టూ పీచు పైకి లేస్తుంది.

దించేటప్పుడు స్క్రూడ్రైవర్ వాడకండి. ఇత్తడి మెత్తన, గాడి దగ్గర చెవులు విరుగుతాయి. ఒక ఉక్కు బోల్టుకి రెండు నట్లు ఎక్కించి, ఒకదానికొకటి ఎదురుగా బిగించండి. ఆ బోల్టుని, కింది నట్టు ఇన్సర్టుకి ఆనేదాకా తిప్పండి. ఇన్సర్టు బయటి మరకి కొవ్వొత్తి మైనం రాసి, బోల్టు తలని స్పానర్‌తో నెమ్మదిగా తిప్పుతూ దించండి. అర చుట్టుకోసారి ఆగి పక్కనించి చూడండి, వంగుతోందనిపిస్తే అప్పుడే సరిచెయ్యాలి. చెక్క ఉపరితలం కన్నా వెంట్రుకవాసి కిందికి దిగితే మంచిది. పైకి పొడుచుకొస్తే కాలూ చట్రమూ ఒకదానికొకటి ఆనవు, మధ్య సందు మిగులుతుంది. చివరగా, ఒక స్పానర్‌తో కింది నట్టుని పట్టుకుని పై నట్టు వదులు చేసి, కింది నట్టుని కొద్దిగా పైకి తిప్పి, అప్పుడు బోల్టు తియ్యండి. లేకపోతే ఇన్సర్టు కూడా దానితో వచ్చేస్తుంది.

గట్టి చెక్కయితే అంచుకి మరీ దగ్గరగా పెట్టకండి, చీలుతుంది. కాలు చివర, పీచు నిలువుగా ఉన్న వైపు పట్టు తక్కువ. అక్కడ పొడుగాటి ఇన్సర్టు పెట్టి బయటి మరకి కాస్త ఎపాక్సీ రాయండి, అలాంటి చోట మైనం వద్దు. లోపలి మరకి మాత్రం ఎపాక్సీ అంటనివ్వకండి. పార్టికల్ బోర్డుకి వెనకవైపు చెయ్యి పడితే టీ-నట్టు నయం. అది వెనకనించి పట్టి ఉంటుంది కాబట్టి ఊడి ముందుకి రాదు. ఏదైనా సరే, అదే చెక్క పనికిరాని ముక్క మీద ముందు ఒకటి వేసి చూడండి.

ఒక్క సామాను విషయంలో మాత్రం ఈ పని చెయ్యద్దంటాను. అది పసిపిల్లల క్రిబ్. కమ్మీల మధ్య సందు ఏర్పడితే బిడ్డ తల ఇరుక్కునే ప్రమాదం ఉంది. పక్క తలుపు కిందికి జారే డ్రాప్-సైడ్ క్రిబ్‌లని అమెరికాలో 2011 జూన్ 28 నుంచి తయారు చెయ్యడం, అమ్మడం నిషేధించింది ఇలాంటి ప్రమాదాల వల్లే. వదులైన క్రిబ్‌కి తయారీదారు దగ్గర అసలు భాగాలు తెప్పించండి. దొరక్కపోతే అది వాడడం మానెయ్యండి. తెలిసినవాళ్ళు ఇచ్చారన్న మొహమాటం ఇక్కడ పనికిరాదు.

మిగతా బల్లలకీ మంచాలకీ నిశ్చింతగా వాడచ్చు. బోల్టు తల కింద వాషరు వెయ్యండి, చేతి బలం చూపించకండి, బిగుసుకున్నాక ఆగండి. చలికాలం హీటర్ వేడికి చెక్క ఎండి కుంచించుకుంటుంది కాబట్టి ఏడాదికోసారి బోల్టులన్నీ తడిమి చూడండి. ఇల్లు మారేరోజున బోల్టులూ ఆలెన్ కీ ఒక సంచీలో వేసి, ఏ సామానుదో రాసి, ఆ సామానుకే టేపుతో అంటించండి. కొత్త ఇంట్లో మొదటి రాత్రి పిల్లలు మంచం మీద గెంతులేసినా అది కిర్రుమనకూడదు.