సాక్షుల మాటపై నిలిచిన సువార్త

వేదం అపౌరుషేయమని, నిత్యమని మన విశ్వాసం. అది ఏనాడు వెలువడిందన్న ప్రశ్నతో దాని ప్రామాణ్యానికి నిమిత్తం లేదు. క్రైస్తవుల సువార్త మార్గం వేరు. ఒకానొక చోట, ఒకానొక కాలంలో జరిగిందని చెప్పే సంఘటనే దానికి ఆధారం. 'సువార్త' అంటే శుభవార్త. వార్త అన్నాక అది నిజమేనా, ఎవరు చూశారు అని అడగడం సహజం. ఆ ప్రశ్న వేయడానికి మీరు సందేహించనక్కరలేదు. తొలితరం ప్రచారకుడైన పౌలు దానికి ముందే సిద్ధపడ్డాడు.

క్రీ.శ. 50వ దశకం మధ్యలో, ఎఫెసు నగరం నుంచి ఆయన గ్రీసు దేశంలోని కొరింథు సంఘానికి లేఖ రాశాడు. నాలుగు సువార్త గ్రంథాల కంటే ఇదే ముందటిదని పండితులలో అధికుల అభిప్రాయం. తాను పొందినదాన్నే వారికి అప్పగించానని 15వ అధ్యాయంలో పౌలు అంటాడు. గురుముఖతః గ్రహించి శిష్యులకు అందించే సంప్రదాయం మీకు కొత్త కాదు కదా! మానవుల పాపాల కోసం క్రీస్తు మరణించడం, సమాధి కావడం, మూడవనాడు తిరిగి లేవడం, శిష్యులకు కనిపించడం: ఇదే ఆయన అందుకున్న ఉపదేశం.

ఆపై సాక్షులను వరుసగా పేర్కొంటాడు. పేతురు, పన్నిద్దరు శిష్యులు, ఒకేసారి చూసిన 500 మందికి పైగా సోదరులు, యాకోబు, చివరకు తాను. ఆ 500 మందిలో అధికులు ఇంకా జీవించే ఉన్నారని కూడా చెబుతాడు. కావాలంటే వెళ్లి అడగండన్న ధ్వని అందులో ఉంది. ఒకనాడు పౌలు ఈ సంఘాన్నే హింసించినవాడు.

ఇదంతా లేఖనాల ప్రకారమే జరిగిందన్నది ఆయన మాట. ఆ లేఖనాలు యూదుల పవిత్ర గ్రంథాలు. ఇతరుల దోషాలను భరించి బాధపడే సేవకుని గురించి యెషయా గ్రంథం 53వ అధ్యాయం చెబుతుంది. క్రైస్తవులు ఆ సేవకునిలో క్రీస్తును చూస్తారు. యూదు పండితులలో అనేకులు ఇశ్రాయేలు జాతిని చూస్తారు. 1947లో మృతసముద్ర తీరాన కుమ్రాన్ గుహలో లభించిన యెషయా చుట్ట క్రీస్తు కంటే నూరేళ్లకు పైగా పాతదని నిపుణుల నిర్ణయం. కనుక ఆ అధ్యాయం క్రైస్తవులు తరువాత కల్పించి చేర్చినది కాదు.

చరిత్రలోనూ ఆధారాలున్నాయి. తిబెరియస్ చక్రవర్తి కాలంలో అధికారి పిలాతు క్రీస్తుకు మరణదండన విధించాడని 2వ శతాబ్ది ఆరంభంలో రోమను చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. ఆయన క్రైస్తవమతాన్ని మూఢవిశ్వాసమని నిందించినవాడే. పిలాతు పేరున్న శిలాశాసనం 1961లో కైసరయ శిథిలాలలో బయటపడింది. ఇవి సిలువ మరణానికి బలమిస్తాయి; పునరుత్థానాన్ని మాత్రం శిలలు నిరూపించలేవు. అక్కడ మిగిలేది సాక్షుల మాటే.

ఆ సంగతి పౌలుకు తెలుసు. క్రీస్తు లేవకుంటే తన బోధ వ్యర్థమని, తాను దేవుని విషయంలో అబద్ధసాక్షినవుతానని ఆ అధ్యాయంలోనే ఒప్పుకున్నాడు. తన సర్వస్వాన్నీ ఒక్క సత్యానికి పణంగా పెట్టాడు. ఆ సాక్ష్యాన్ని స్వీకరించడం, స్వీకరించకపోవడం ఎవరి అంతరాత్మకు వారిది. అయితే ఈస్టరు నాటి వేకువన మీ పొరుగింటివారు ప్రార్థనకు బయలుదేరినప్పుడు, వారి ఆనందానికి మూలమేమిటో మీకు తెలిసి ఉంటుంది. పొరుగువారి విశ్వాసాన్ని ఎరిగి గౌరవించడమూ ధర్మమే.