టికెట్ లేని నాటకానికి ఎంత కట్టాలి?

జపాన్ వెళ్లొచ్చిన మనవాళ్లు టోక్యోలో కబుకీ చూశామని చెబుతుంటారు. పాట, మాట, ఆట కలిసిన ఆ పాత నాటకానికి గింజాలో 1889 నుంచి కబుకీజా అనే పెద్ద థియేటర్ ఉంది. మరి మన కరీంనగర్, ఆదిలాబాద్ వైపు ఊళ్లలో రాత్రంతా ఆరుబయట ఆడే చిందు యక్షగానం చూడాలంటే? దానికి థియేటరూ లేదు, టికెట్టూ లేదు. అయినా చూడొచ్చు. బయల్దేరే ముందు వచ్చే అనుమానాలు ఒక్కొక్కటే తీర్చుకుందాం.

అసలింకా ఆడుతున్నారా? ఆడుతున్నారు. 2024లో పద్మశ్రీకి ఎంపికైన జనగామ జిల్లా చిందు కళాకారుడు గడ్డం సమ్మయ్య ఐదు దశాబ్దాల్లో 19,000కు పైగా ప్రదర్శనలిచ్చారని పురస్కార ప్రకటన చెప్పింది. యాభైతో భాగిస్తే ఏడాదికి 380, అంటే సగటున రోజుకొకటి కన్నా ఎక్కువే. బతుకుతెరువుకు ఆయన వ్యవసాయ కూలీగా పనిచేశారనీ అదే ప్రకటనలో ఉంది. ఈ రెండు మాటలు పక్కపక్కన పెట్టుకుంటే, కింద రాబోయే డబ్బు లెక్క సగం ఇక్కడే తేలుతుంది.

ఎప్పుడు వెళ్లాలి? ఆరుబయట ఆట కాబట్టి వానాకాలం పెట్టుకోవద్దు. పంట ఇల్లు చేరి ఊరికి కాస్త తీరిక దొరికాక, సంక్రాంతి దాటి ఎండలు ముదిరేదాకా అనువైన కాలం. హైదరాబాద్ నుంచి కరీంనగర్ దాదాపు 165 కిలోమీటర్లు. పొద్దున బయల్దేరినా పగటిపూట వేములవాడ గుడి చూసుకుని, చీకటి పడేలోగా ఆట ఉన్న ఊరు చేరొచ్చు.

ఆట ఎక్కడుందో ఎవర్ని అడగాలి? ఈ యక్షగానం ఆడే చిందు కుటుంబాలకు హక్కు గ్రామాలుంటాయి. ఫలానా ఊళ్లో ఆడి త్యాగం, అంటే కళాకారులకు ఊరిచ్చే ప్రతిఫలం, అడిగే హక్కు ఫలానా ఇంటిది అని తరాలుగా పంచుకున్న ఏర్పాటది. ఈ హక్కు ప్రధానంగా మాదిగలతో ముడిపడి ఉంటుంది. వారి కులపురాణమైన జాంబపురాణాన్ని చిందువాళ్లు ఆడతారు. కాబట్టి మాదిగవాడలో పెద్దమనుషుల్ని "చిందోళ్ల ఆట ఎప్పుడున్నది?" అని అడిగితే సరైన కబురు దొరుకుతుంది.

ఎంతసేపు కూర్చోవాలి? రాత్రి పదింటికి మొదలై తెల్లవారుజామున ఐదింటికి ముగిసిందనుకుంటే ఏడు గంటలు. దాదాపు రెండున్నర గంటల సినిమాలు మూడు వరసబెట్టి చూసినంత. కబుకీలో ఒక పూట ప్రదర్శనే విరామాలతో కలిపి నాలుగు గంటల దాకా సాగుతుంది, అందుకే అక్కడ ఒక్క అంకానికి విడిగా టికెట్ అమ్ముతారు. ఇక్కడ ఆ సౌకర్యం టికెట్ లేకుండానే ఉంది: నిద్రొస్తే లేచి వెళ్లొచ్చు, ఎవరూ తప్పుపట్టరు. చాప, దుప్పటి, మంచినీళ్లు మాత్రం వెంట తీసుకెళ్లండి.

కథ అర్థమవుతుందా? అవుతుంది. ఆడేవి సారంగధర, హరిశ్చంద్ర, చెంచులక్ష్మి వంటి తెలిసిన కథలే. పైగా ప్రతి వేషమూ తనెవరో తానే చెప్పుకుంటుంది. ఇద్దరు మనుషులు చెరో కొసా పట్టుకుని తెర నిలబెడతారు. కింద గజ్జెల కాళ్లు, పైన కిరీటం కొస మాత్రమే కనిపిస్తుండగా ప్రవేశ దరువు, అంటే పాత్ర తన్ను తాను పరిచయం చేసుకునే పాట, మొదలవుతుంది. తెర దించేసరికి వచ్చింది రాజో మంత్రో మనకు తెలిసే ఉంటుంది. పాట చరణాన్ని వెనక వంతవాళ్లు మళ్లీ అందుకుంటారు గనుక మొదటిసారి జారిపోయిన మాట రెండోసారి చెవిన పడుతుంది.

ఆ నగలన్నీ బరువుగా ఉండవా? కిరీటం, భుజకీర్తులు పొణికి కర్రతో చేస్తారు. నిర్మల్ బొమ్మలు చెక్కేదీ ఆ తేలికపాటి కర్రతోనే. రాత్రంతా ఎగిరి చిందేసేవాళ్లకు ఆ తేలికదనమే ప్రాణం. ఆ వేషం కట్టేవాళ్లలో ఆడవాళ్లూ ఉంటారు. జపాన్ పాలకులు 1629లో ఆడవాళ్లను కబుకీ నుంచి తప్పించారు, అప్పట్నుంచి అక్కడ స్త్రీ పాత్రలు మగవాళ్లవే. చిందులో మాత్రం గొప్ప కళాకారుల పేరు చెప్పమంటే ముందు వినిపించేది నిజామాబాద్ ప్రాంతపు చిందుల ఎల్లమ్మ పేరు.

దీపావళి సెలవులే కుదిరితే? అప్పుడు చిందు బదులు ఆదిలాబాద్ గోండు గూడేల్లో దండారి పండుగ చూడొచ్చు. నెమలీకల టోపీతో గుస్సాడీలు ఆడే ఆ నృత్యానికి మార్లవాయి కనకరాజు 2021లో పద్మశ్రీ తెచ్చారు. అయితే గుస్సాడీలు దీక్షలో ఉంటారు. పక్కన నిలబడి భుజం మీద చెయ్యేసి సెల్ఫీ అడగొద్దు. చిందులో ఎల్లమ్మ దేవత వేషానికీ ఇదే మర్యాద. ఫొటో తీసేముందు పెద్దల్ని అడగండి.

ఇక అసలు ప్రశ్న: ఎంత ఇవ్వాలి? మేళంలో, అంటే జట్టులో, 15 మంది ఉన్నారనీ ఆట 20,000 రూపాయలకు కుదిరిందనీ అనుకుందాం. బండి కిరాయి, మైకు, లైట్లకు 5,000 పోతే మిగిలేది తలకు వెయ్యి. ప్రయాణం, రంగులు పూసుకోవడం, ఆట కలిపితే 12 గంటల పని. గంటకు 83 రూపాయలు. కబుకీలో ఒక్క అంకం టికెట్టే సుమారు వెయ్యి నుంచి రెండు వేల యెన్‌లు, మన లెక్కలో దాదాపు 600 నుంచి 1,200 రూపాయలు. కాబట్టి ఇక్కడ చూసేవాళ్లు తలకు 500 ఇవ్వడం దానం కాదు, టికెట్ ధరే. మీరు నలుగురు వెళ్లి 2,000 ఇస్తే ఒక్కో కళాకారుడికి 133 పెరుగుతుంది.

ఎవరి చేతికివ్వాలి? నచ్చిన వేషానికి విడిగా ఇవ్వాలనిపిస్తుంది గానీ, మేళం పెద్దకు ఇస్తే తెర పట్టినవాళ్లకూ వాటా అందుతుంది. ఆట నడుమ చదివింపులప్పుడు ఇస్తే మీ పేరూ మొత్తమూ అందరికీ వినిపించేలా చదువుతారు. మొహమాటపడకండి. పట్నం నుంచి వచ్చినవాళ్లు 2,000 ఇచ్చారని వింటే, పక్కవాళ్ల చెయ్యి కూడా జేబులోకి వెళ్తుంది.