బ్రహ్మదండి: నామనిర్ణయము

బ్రహ్మదండి యను పేరు తెలుఁగునాఁట రెండు మొక్కలకు వ్యవహారమున నున్నది. రెండును ముండ్లవే, రెండును బీళ్లయందును బాటల ప్రక్కలను మొలచును. అయినను వాని కుటుంబములు వేఱు, గుణములు వేఱు. ఒకటి నాటువైద్యమున వాడుకలో నున్నది. రెండవదాని విత్తు విషము. కావున నీ పదమునకు "ఒక ముండ్లమొక్క" యని మాత్రమే యర్థము చెప్పి విడుచుట చాలదు.

మొదటిది పొద్దుతిరుగుడు కుటుంబములోని ఎకినాప్స్ ఎకినేటస్. పాపికొండలను దాఁటిన గోదావరి పోలవరము కడ మైదానమునఁ బ్రవేశించును. మెట్టయు మాగాణియు నెదురుపడు తావది. ఈ మొక్క మెట్టపక్షమునకుఁ జెందినది. నీరు నిలుచు నేల దీనికిఁ గిట్టదు. థారు మరుభూమి యందును బెరుఁగును. 18వ శతాబ్ది తుదిభాగమున సామర్లకోటలో నుండి యీ ప్రాంతపు మొక్కలను బరిశీలించిన విలియం రాక్స్‌బర్గు దీనికి శాస్త్రనామ మొసఁగెను. ఆయన 1815లో మరణింపఁగా, దీని వర్ణనము 1832లో ఫ్లోరా ఇండికా యందు వెలువడినది.

పొద్దుతిరుగుడునందుఁ బెక్కు చిఱుపూవు లొక్క దొప్పలో నిమిడియుండును. బ్రహ్మదండి యందో ప్రతి చిఱుపూవునకును దన దొప్ప తనకుఁ గలదు. అట్టివి పెక్కు గూడి ముండ్లబంతి యగుచున్నవి. పూవు తెలుపు, లేక లేఁత నీలము. ఆకు క్రిందివైపు తెల్లని నూఁగు.

రెండవది గసగసాల కుటుంబములోని ఆర్జిమోని మెక్సికానా. బలురక్కసి యనియు దీనికిఁ బేరు. పూవు పసుపుపచ్చన, కాయ ముండ్లది, విత్తులు నల్లనివై యావలఁ బోలియుండును. ఆ పోలికయే కీడునకు మూలము. 1998లో ఢిల్లీలో దీని నూనె గలసిన యావనూనె వాడినవారికి నీరువాపు రోగము సోఁకి యఱువదిమందికిఁ బైగా మరణించిరి.

దీని కాండమును ద్రుంచినఁ బచ్చని పాలు గాఱును. అందుచేఁ గొందఱు దీనినే చరకసంహితలోని స్వర్ణక్షీరి యనిరి. కాని యిది యమెరికా ఖండపు మొక్క. 1492లో నా ఖండమునకు నౌకామార్గ మేర్పడిన పిదపఁగాని యీ దేశమునకు వచ్చియుండదు. అంతకు వేయేండ్లకుఁ బైబడిన గ్రంథమందలి పేరు దీనికిఁ జెల్లదు.

కావున నిఘంటుకారులును బాఠము చెప్పు పండితులును బ్రహ్మదండి యను పదముతోడ లక్షణమును గూడఁ జెప్పుట యుక్తము: బంతివంటి పూగుత్తియుఁ దెల్లని యాకడుగును గలది యొకటి, పచ్చని పాలును నల్లని విత్తులును గలది వేఱొకటి. పేరొక్కటియే యైనను వస్తువు లొక్కటి గావు.