అంచున నిలిచిన ఎలక్ట్రాన్

పసుపు రంగులో ఉన్న ఒక సేంద్రియ స్ఫటికాన్ని గట్టిగా నొక్కుతూ పోతే ఒక దశలో అది ఎర్రబడుతుంది. అమెరికాలో ఐబీఎం పరిశోధకుడు టోరెన్స్, ఆయన సహచరులు 1981లో ఈ సంగతి ప్రకటించారు. రంగు మారడం కంటికి కనిపించేది మాత్రమే. లోపల ఎలక్ట్రాన్లు చేతులు మారుతున్నాయి.

ఆ స్ఫటికంలో రెండు రకాల అణువులు ఉంటాయి. టెట్రాథయాఫుల్వలీన్ ఎలక్ట్రాన్‌ను సులువుగా వదులుకుంటుంది. క్లోరానిల్ దాన్ని అందుకోవడానికి సిద్ధంగా ఉంటుంది. ఈ రెండూ ఒకదాని మీద ఒకటి, మార్చి మార్చి, దొంతరలుగా పేర్చి ఉంటాయి. పుచ్చుకునేవాడు పక్కనే ఉన్నా ఎలక్ట్రాన్ ఎందుకు కదలదు? ఇది జమాఖర్చుల వ్యవహారం. దాత నుంచి ఎలక్ట్రాన్‌ను ఊడదీయడానికి శక్తి ఖర్చవుతుంది. దాటాక ఏర్పడే ధన, ఋణ ఆవేశాలు పరస్పరం ఆకర్షించుకోవడం వల్ల కొంత శక్తి తిరిగి వస్తుంది. మామూలు పరిస్థితుల్లో ఖర్చే కాస్త ఎక్కువ. సుమారు 1 గిగాపాస్కల్ ఒత్తిడి పెడితే అణువులు దగ్గరకు జరుగుతాయి, ఆకర్షణ పెరుగుతుంది, లెక్క తలకిందులవుతుంది. 81 కెల్విన్‌కు, అంటే మైనస్ 192 డిగ్రీల సెల్సియస్‌కు చల్లబరిచినా ఇదే జరుగుతుంది. అయితే ఎలక్ట్రాన్ పూర్తిగా ఇవతల గాని, పూర్తిగా అవతల గాని ఉండదు. అణువు మీద ఆవేశం సగటున ఎలక్ట్రాన్ ఆవేశంలో 0.3 వంతు నుంచి 0.6 దాటేదాకా మారుతుంది. ఈ ఊగిసలాటే ఈ పదార్థపు అసలు బలమని నా అభిప్రాయం.

గిగాపాస్కల్ అంటే దాదాపు పదివేల వాతావరణ పీడనాలు. పసిఫిక్ సముద్రపు అతి లోతైన మరియానా అగాధం అడుగున ఉండే పీడనం ఇందులో తొమ్మిదో వంతే. ఇంత ఒత్తిడిని తయారుచేసే పరికరం మాత్రం పిడికిట్లో పడుతుంది. కొనలు చదునుగా కోసిన రెండు వజ్రాలు ఎదురెదురుగా ఉంటాయి. వాటి మధ్య పలుచని లోహపు రేకు, దానికి ఒక సన్నని రంధ్రం. ఆ రంధ్రంలో నలుసంత స్ఫటికం, ఒత్తిడి అన్ని వైపుల నుంచీ సమానంగా పడేందుకు కొంచెం ద్రవం, పక్కన ఒక కెంపు తునక. ఆ కెంపు అలంకారానికి కాదు. దాని మీద ఆకుపచ్చ లేజర్ పడితే 694 నానోమీటర్ల దగ్గర ఎర్రని వెలుగు వస్తుంది. ఒత్తిడి ఒక్కో గిగాపాస్కల్ పెరిగినప్పుడల్లా ఆ వెలుగు సుమారు 0.36 నానోమీటర్లు జరుగుతుంది. ఆ జరుగుడే కొలబద్ద. వజ్రం పారదర్శకం కాబట్టి నొక్కుతూనే లోపలికి కాంతిని పంపవచ్చు కూడా.

ఒక గిగాపాస్కల్ ఒత్తిడికి సిలికాన్ ఘనపరిమాణం ఒక్క శాతమే తగ్గుతుంది. అణు స్ఫటికాల్లో అణువుకూ అణువుకూ మధ్య ఉండేది బలహీనమైన బంధమే కనుక అవి అంతకు కొన్ని రెట్లు ఎక్కువగా కుంచించుకుపోతాయి. తొలి సేంద్రియ అతివాహకం కూడా ఒత్తిడి వల్లే బయటపడింది. కోపెన్‌హేగన్‌లో బెక్‌గార్డ్ తయారుచేసిన లవణాన్ని ఫ్రాన్స్‌లోని ఓర్సేలో జెరోమ్ బృందం 1.2 గిగాపాస్కల్ వద్ద నొక్కి, 0.9 కెల్విన్ దగ్గర దాని విద్యుత్ నిరోధం మాయమవడం చూసింది. ఆ ఫలితం 1980లో అచ్చయింది.

కాంతితోనూ ఇలాంటి మార్పు తేవచ్చు, కానీ దాని పద్ధతి వేరు. అది అణువులను దగ్గరకు నెట్టదు, ఎలక్ట్రాన్‌ను నేరుగా ఎగరేస్తుంది. టోరెన్స్ చూసిన ఆ స్ఫటికాన్నే జపాన్‌లో కోషిహారా బృందం 1990లో లేజర్‌తో మార్చి చూపింది. ఒక్క ఫోటాన్ దెబ్బ వందలాది అణు జంటలకు పాకుతుంది. 2003లో కొలే బృందం స్ఫటికాన్ని 93 కెల్విన్ దగ్గర, అంటే మార్పు జరిగే ఉష్ణోగ్రతకు పన్నెండు డిగ్రీల పైన నిలిపి లేజర్ వేసింది. నానోసెకను లోపే అణువులన్నీ ఒకే వైపు సర్దుకోవడాన్ని ఎక్స్-కిరణాలతో పట్టుకుంది. మార్పు అంచుకు చేర్చి ఉంచిన పదార్థానికి చిన్న తోపు చాలు.

కాంతి, ఒత్తిడి ఎప్పుడూ ఒకే వైపు లాగవు. 1984లో డెకుర్టిన్స్, గూట్లిష్, హౌజర్ తదితరులు ఒక ఇనుము సమ్మేళనం మీద ఆకుపచ్చ కాంతి వేస్తే అందులోని ఇనుము తక్కువ స్పిన్ స్థితి (ఎలక్ట్రాన్లు జంటలుగా ఉండేది) నుంచి ఎక్కువ స్పిన్ స్థితికి (కొన్ని ఒంటరిగా ఉండేది) మారడం గమనించారు. ఆ స్థితిలో ఇనుముకూ దాని చుట్టూ ఉన్న నైట్రోజన్‌కూ మధ్య దూరం దాదాపు పదో వంతు పెరుగుతుంది. ఒత్తిడికి ఆ విస్తరణ సరిపడదు, అది తక్కువ స్పిన్ వైపే తోస్తుంది. కాంతితో వచ్చిన ఆ స్థితి బాగా చల్లగా ఉంచితేనే నిలుస్తుంది.

కాంతి, ఒత్తిడి అనే రెండు మీటలనూ కలిపి వాడిన ప్రయోగాల్లో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది పొటాషియం కలిపిన ఫుల్లరీన్ (బంతి ఆకారపు కర్బన అణువు) మీద జరిగింది. అది మామూలుగా 20 కెల్విన్ దిగువనే అతివాహకం. పరారుణ లేజర్ తాకిన కొద్ది పికోసెకన్ల పాటు, 100 కెల్విన్ దాకా కూడా అతివాహకతను పోలిన సంకేతాలు కనిపించాయని కవల్లేరి బృందం 2016లో ప్రకటించింది. 2018లో అదే పదార్థాన్ని నొక్కి చూస్తే ఆ సంకేతాలు తగ్గాయి. మామూలు అతివాహకత కూడా ఒత్తిడికి అలాగే తగ్గుతుంది. కాంతి చూపించినది నిజమా భ్రమా అని తేల్చుకోవడానికి ఇక్కడ ఒత్తిడి సాక్షిగా నిలిచింది.

వీటిలో చాలావాటికి గడ్డకట్టించే చలి కావాలి, కొన్ని కన్ను మూసి తెరిచేలోపే ముగుస్తాయి. ఇలాంటి పదార్థాలు ఫోన్లలాంటి పరికరాల్లోకి రావాలంటే గది వేడిలో మారాలి, మారిన స్థితి నిలవాలి. దానికి అణువులు స్ఫటికంలో ఎలా పేర్చుకుంటాయో ముందే ఊహించగలగాలి. ఆ విద్యకు పునాదులు వేసినవారిలో ఒకరైన గౌతమ్ దేశిరాజు హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో దశాబ్దాల పాటు పనిచేశారు. స్ఫటికాల రూపకల్పన మీద ఆయన పుస్తకం 1989లో వచ్చింది. కర్బన రసాయనం చదువుతున్న విద్యార్థులు అణువు నిర్మాణం గీసి ఆగిపోకండి, దాని పక్కన మరో అణువు ఎంత దూరంలో, ఏ కోణంలో కూర్చుంటుందో కూడా గీసి చూడండి.