బరువు తగ్గినా గోళీలు ఆగవు

బరువు తగ్గించే ఆపరేషన్ చేయించుకున్నవారు విటమిన్, ఖనిజ లవణాల గోళీలు జీవితాంతం వేసుకోవాలి. అనుకున్నంత బరువు తగ్గినా, ఒంట్లో హుషారుగా ఉన్నా వాటిని సొంతంగా ఆపకూడదు. అయితే జనంలో తిరిగే మాట దీనికి పూర్తిగా వ్యతిరేకం: "ఏడాది అయింది, బరువు దిగింది, ఇంకా గోళీలెందుకు?" ఆపరేషన్ తర్వాతి జీవితం గురించి ఉన్న అపోహల్లో ఇంతకంటే కీడు చేసేది లేదు. సోలాపూర్‌లోని కుమఠా నాకా వంటి నేత పేటల్లో దీనికి చెల్లించాల్సిన మూల్యం మరీ ఎక్కువ. ఇక్కడి తెలుగు పద్మశాలి కుటుంబాలు మరమగ్గాల కార్ఖానాల్లో చద్దర్లు, తువ్వాళ్లు నేస్తాయి, ఆడవారిలో చాలామంది ఇంటిపట్టున బీడీలు చుడతారు. నడుస్తున్న సాంచా (మరమగ్గం) దగ్గర తెగిన పోగును పట్టి ముడివేయాలన్నా, తునికాకు చుట్టి దారం కట్టాలన్నా వేలి కొనల్లో స్పర్శ ఉండాలి. గోళీలు ఆపితే ముప్పు వచ్చే వాటిలో ఆ స్పర్శ ఒకటి.

స్లీవ్ అనే రకం ఆపరేషన్‌లో జీర్ణాశయాన్ని 75 నుంచి 80 శాతం దాకా కోసి తీసేస్తారు. మిగిలేది సన్నటి గొట్టం. బైపాస్ అనే రకంలో జీర్ణాశయం పైభాగాన సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిని వేరుచేసి చిన్నపేగుకు కలుపుతారు. తిన్నది మిగతా జీర్ణాశయాన్ని, చిన్నపేగు మొదటి భాగాన్ని తాకకుండానే ముందుకు పోతుంది. ఆహారంలోని బి12 ఒంటబట్టాలంటే జీర్ణాశయంలోని ఆమ్లం కావాలి, అక్కడే తయారయ్యే ఒక ప్రొటీను కూడా కావాలి. ఇనుమును ఎక్కువగా పీల్చుకునేది చిన్నపేగు మొదటి భాగం. కాల్షియానికీ ఆ భాగం ముఖ్యమే. ఆపరేషన్‌తో బరువు తగ్గడం, పోషకాలు సరిగా అందకపోవడం రెండూ ఒకే మార్పు వల్ల జరుగుతాయి. ఆ మార్పు ఏడాదికో రెండేళ్లకో సర్దుకునేది కాదు. కుట్లు మానతాయి గానీ కోసేసిన జీర్ణాశయం మళ్లీ పెరగదు.

ఇంత సూటి విషయంలోనూ అపోహ నిలబడిందంటే కారణం కాలేయంలో ఉంది. పెద్దవారి కాలేయంలో బి12 నిల్వ కొన్నేళ్లకు సరిపడా ఉంటుంది. గోళీలు ఆపిన మనిషి ఏడాది, ఒక్కోసారి రెండుమూడేళ్లు మామూలుగానే పనిచేసుకుంటాడు. "నేను ఎప్పుడో ఆపేశాను, నాకేం కాలేదు" అని అతను చెప్పే మాట ఆ రోజుకు నిజమే. అది విని మరొకరు ఆపుతారు. నిల్వ అడుగంటాక అరికాళ్లలో తిమ్మిరి, సూదులు గుచ్చినట్టు పోట్లు మొదలవుతాయి. తర్వాత వేళ్లు మొద్దుబారతాయి, చీకట్లో నడిస్తే అడుగు తూలుతుంది, నాలుక మండుతుంది, మతిమరుపు వస్తుంది. అప్పటికి గోళీల సంగతి ఎవరికీ గుర్తుండదు. షుగర్ ఉన్నవారు షుగర్ అనుకుంటారు, సాంచాల మీద పనిచేసేవారు గంటల తరబడి నిలబడటం వల్ల అనుకుంటారు, చివరికి నింద ఆపరేషన్ మీద పడుతుంది. బి12 లోపాన్ని త్వరగా పట్టుకుంటే ఇంజెక్షన్లతో తగ్గుతుంది. ఆలస్యమైతే నరాలకు జరిగిన నష్టంలో కొంత శాశ్వతంగా మిగిలిపోతుంది. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ వేసుకునేవారికి, కడుపులో మంటకు ఆమ్లం తగ్గించే మందులు ఏళ్ల తరబడి వాడేవారికి ఈ లోపం వచ్చే అవకాశం ఇంకా ఎక్కువ.

ఇనుము అంతకాలం ఆగదు. ముఖ్యంగా నెలసరి వచ్చే ఆడవారిలో నిల్వలు త్వరగా తరుగుతాయి. హిమోగ్లోబిన్ పడకముందే, ఇనుము నిల్వను చూపే ఫెరిటిన్ పడుతుంది, కాబట్టి హిమోగ్లోబిన్ ఒక్కటే చూసుకుని నిశ్చింతగా ఉండకూడదు. కాల్షియం మరింత మోసకారి. ఆహారం నుంచి చాలినంత అందకపోతే శరీరం ఎముకల్లోంచి తీసి రక్తంలో మట్టాన్ని నిలబెడుతుంది. రిపోర్టులో కాల్షియం మామూలుగానే కనిపిస్తుంది, లోపల ఎముక గుల్లబారుతూ ఉంటుంది. అందుకే విటమిన్ డి, పారాథైరాయిడ్ హార్మోను పరీక్షలు కూడా అవసరమవుతాయి.

గోళీలు ఆపడానికి చెప్పే సాకులు కూడా చూడాలి. గోళీలతో మళ్లీ లావవుతారన్నది పూర్తిగా అబద్ధం. బి12లో గానీ ఇనుములో గానీ కాల్షియంలో గానీ కొవ్వుగా మారే శక్తి లేదు. తోటకూర, బెల్లం, ఖర్జూరం తింటే చాలన్నది సగం తెలిసిన మాట. ఆకుకూరల్లో, బెల్లంలో బి12 ఉండదు. వాటిలోని ఇనుముతో లోటు తీరాలంటే తినాల్సినంత ఆహారం చిన్న సంచిలో పట్టదు. "వేడి చేస్తుంది" అన్న ఫిర్యాదు వెనక మాత్రం నిజమైన బాధ ఉంటుంది. ఇనుము గోళీలతో కడుపులో మంట, మలబద్ధకం వస్తాయి, మలం నల్లబడుతుంది. దానికి పరిష్కారం గోళీ మానడం కాదు, డాక్టరుతో చెప్పి రకం మార్పించుకోవడం. గోళీ అసలే పడనివారికి ఇనుమును నరంలోకి ఎక్కించే మార్గం ఉంది. ఖర్చు కూడా నిజమైన కారణమే. నేసిన దానికీ చుట్టిన దానికీ లెక్కగట్టి కూలి వచ్చే ఇళ్లలో నెలనెలా మందుల చీటీ భారమవుతుంది. ఆ లెక్క ఆపరేషన్‌కు ముందే వేసుకోవాలి. భారమైతే డాక్టరుకు దాచకుండా చెప్పాలి. నెలకో బి12 ఇంజెక్షన్ వంటి చవకైన దారులు ఆయనకు తెలుసు.

సాధారణంగా సూచించే మోతాదులు ఇలా ఉంటాయి: రోజుకు కాల్షియం 1200 నుంచి 1500 మిల్లీగ్రాములు; బి12 గోళీగా అయితే రోజుకు 350 నుంచి 1000 మైక్రోగ్రాములు, ఇంజెక్షన్‌గా అయితే నెలకు 1000 మైక్రోగ్రాములు; నెలసరి వచ్చే ఆడవారికి, బైపాస్ అయినవారికి ఇనుము 45 నుంచి 60 మిల్లీగ్రాములు. ఎవరికి ఎంత అన్నది రక్తపరీక్షను బట్టి డాక్టరు తేలుస్తారు. వేసుకునే వేళ కూడా ముఖ్యం. కాల్షియం, ఇనుము ఒకేసారి వేసుకుంటే ఒకదాన్ని ఒకటి అడ్డుకుంటాయి, మధ్య కనీసం 2 గంటల ఎడం ఉండాలి. కాల్షియాన్ని రెండు మూడు భాగాలుగా వేసుకోవాలి. ఆమ్లం తక్కువగా ఉన్న కడుపుకు కాల్షియం సిట్రేట్ మేలు. కార్ఖానాలో గంటకోసారి వచ్చే చాయ్ ఇనుమును ఒంటబట్టనివ్వదు. ఇనుము గోళీని చాయ్‌కి దూరంగా, నిమ్మరసం కలిపిన నీళ్లతో వేసుకోవాలి. రాత్రి పాళీ చేసేవారు పొద్దు, మాపు అన్న లెక్క వదిలి తమ నిద్ర, మెలకువలను బట్టి వేళలు పెట్టుకోవచ్చు.

గోళీల అపోహకు జోడుగా తిరిగే ఇంకో నమ్మకం ఉంది: నీరసంగా ఉంటే గ్లూకోజు బాటిల్ ఎక్కించుకుంటే సరిపోతుందని. ఆపరేషన్ అయినవారి విషయంలో ఇది ప్రాణం మీదికి తెస్తుంది. విటమిన్ బి1 నిల్వ ఒంట్లో రెండు మూడు వారాలకు మించి ఉండదు. మొదటి నెలల్లో వాంతులు ఆగకుండా అవుతుంటే అది వేగంగా కరిగిపోతుంది. ఆ స్థితిలో బి1 ఇవ్వకుండా గ్లూకోజు ఎక్కిస్తే మిగిలిన కొంచెం కూడా ఖర్చయి మెదడు దెబ్బతినవచ్చు. వస్తువులు రెండుగా కనిపించడం, కళ్లు అదురుతూ ఉండటం, నడక తూలడం, అయోమయం దాని గుర్తులు. రెండు మూడు రోజులు వాంతులు తగ్గకపోతే ఆపరేషన్ చేసిన డాక్టరుకు తప్పక తెలియాలి. దగ్గరలో సెలైన్ పెట్టించుకోవాల్సి వస్తే, అక్కడి డాక్టరుకు ఏ ఆపరేషన్ అయిందో ముందే చెప్పి బి1 ఇంజెక్షన్ గురించి అడగాలి.

నడుం నొప్పికి మందుల షాపులో గోళీ కొనుక్కోవడం మగ్గం పనివారికి మామూలు. బైపాస్ అయినవారు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి నొప్పి గోళీలకు దూరంగా ఉండాలి. సంచినీ పేగునూ కలిపిన చోట అవి పుండు చేస్తాయి. బీడీ, సిగరెట్ పొగ కూడా అదే పని చేస్తుంది. పారాసిటమాల్ వేసుకోవచ్చు. మద్యం విషయంలో "కొంచెం తాగితే ఏమవుతుంది" అనే ధీమా పనికిరాదు. బైపాస్ తర్వాత కొద్దిపాటి మద్యమే త్వరగా, గట్టిగా ఎక్కుతుంది. ఆపరేషన్‌కు ముందు లేని తాగుడు సమస్య రెండో ఏడాది నుంచి కొందరిలో మొదలవుతున్నట్టు అమెరికాలో 2012లో వెలువడిన అధ్యయనం చూపింది.

"ఎంత చేయించుకున్నా బరువు మళ్లీ వస్తుంది" అన్న మాటను మాత్రం పూర్తిగా కొట్టిపారేయలేం. అందులో కొంత నిజం ఉంది. స్వీడన్‌లో 1987లో మొదలైన పెద్ద అధ్యయనంలో బైపాస్ చేయించుకున్నవారు తొలి ఒకటి రెండేళ్లలో సగటున 32 శాతం బరువు తగ్గారు. పదేళ్లకు ఆ తగ్గుదల 25 శాతం దగ్గర నిలిచింది. అంటే 120 కిలోల మనిషి 82 దాకా దిగి, పదేళ్ల నాటికి 90 దగ్గర ఉన్నట్టు. కొంత వెనక్కి వచ్చింది, అంతా రాలేదు. వెనక్కి తెచ్చే దారులు కూడా తెలిసినవే: రోజుకు ఆరేడు చక్కెర చాయ్‌లు, పని మధ్యలో నమిలే శేవ్, చివడా, భజ్జీలు. ఇవి చిన్న సంచిలోంచి సులువుగా జారిపోతాయి, కడుపు నిండినట్టు అనిపించదు.

తిండిలో మొదటి చోటు ప్రొటీనుది. రోజుకు కనీసం 60 గ్రాములు అందాలి. ఒక గుడ్డులో ఉండేది సుమారు 6 గ్రాములు, కాబట్టి పప్పు, పెరుగు, పనీరు, చేపలు, కోడికూర ఏదో ఒకటి ప్రతి పూటా ఉండాలి. కంచంలో ముందు దాన్ని తిని, తర్వాతే జొన్నరొట్టె, అన్నం ముట్టాలి. సోలాపూర్ కడక్ రొట్టెను మొదటి నెలల్లో పొడిగా తింటే గొంతు కింద పట్టేస్తుంది. మెత్తటి ఆహారం మొదలయ్యాక డాక్టరు అనుమతిస్తే రొట్టెను పప్పులో బాగా నానబెట్టి తినవచ్చు. శేంగా (పల్లీ) చట్నీలో ప్రొటీను ఉంది, కొవ్వు అంతకు రెట్టింపు ఉంది. చెంచాతో ఆగాలి. నీళ్లు తిండితో పాటు తాగకూడదు, తిన్నాక అరగంట ఆగాలి. మిగతా సమయమంతా గుక్కగుక్కగా తాగుతూ రోజుకు లీటరున్నర తగ్గకుండా చూసుకోవాలి. సోలాపూర్ ఎండాకాలంలో, రేకుల కప్పు కింద పనిచేసేవారికి అంతకంటే ఎక్కువే కావాలి. శ్రావణ పౌర్ణమికి పద్మశాలీల మార్కండేయ రథోత్సవం నాడు కూడా ఈ నియమాలకు సెలవు లేదు. నీళ్లు కూడా ముట్టని ఉపవాసం ఆపరేషన్ అయినవారికి తగదు.

మిఠాయి తిన్న కాసేపటికి గుండె దడ, చెమట, కడుపులో మెలిపెట్టడం వస్తే అది దిష్టి కాదు. తీపి పేగులోకి ఒక్కసారిగా దిగడం వల్ల వచ్చే బాధ. ఒకటి నుంచి మూడు గంటల తర్వాత చేతులు వణికి కళ్లు తిరిగితే రక్తంలో చక్కెర పడిపోయిందని అర్థం. వెంటనే సాంచా ఆపి కూర్చోవాలి, కొద్దిగా చక్కెర తీసుకుని, ఆ తర్వాత పాలో గుడ్డో తినాలి.

మిగతా నమ్మకాలకు ఎక్కువ చర్చ అక్కర్లేదు. జుట్టు కొందరికి మూడో నెల నుంచి రాలుతుంది, వారిలో చాలామందికి ఏడాదిలోపు మళ్లీ వస్తుంది. పిల్లలు పుట్టరన్నది తప్పు, బరువు తగ్గాక గర్భం వచ్చే అవకాశం పెరుగుతుంది, అందుకే 12 నుంచి 18 నెలలు ఆగమంటారు. బైపాస్ అయినవారు అప్పటిదాకా నోటి గర్భనిరోధక మాత్రల మీద ఆధారపడకూడదు. షుగర్ చాలామందిలో అదుపులోకి వస్తుంది, కొందరిలో ఏళ్ల తర్వాత తిరిగి వస్తుంది, కాబట్టి పరీక్ష మానకూడదు. షుగర్, బీపీ మందులు ఆపరేషన్ తర్వాత తగ్గించాల్సి రావచ్చు గానీ తగ్గించేది డాక్టరే. బరువులెత్తే పని, అంటే పడుగు చుట్టిన భీములు మోయడం, తువ్వాళ్ల గఠడీలు లేపడం, 4 నుంచి 6 వారాలు ఆగాలి.

ఆపరేషన్ పుణెలోనో హైదరాబాద్‌లోనో జరిగితే ఆ దూరమే పరీక్షలు మానడానికి సాకు అవుతుంది. రక్తం సోలాపూర్‌లోనే ఇచ్చి రిపోర్టును ఫోన్‌లో పంపవచ్చు. మొదటి ఏడాది 3, 6, 12 నెలలకు, ఆ తర్వాత ఏడాదికోసారి బి12, ఫెరిటిన్, విటమిన్ డి, కాల్షియం, పారాథైరాయిడ్ హార్మోను, రక్తకణాల లెక్క చూపించుకోవాలి. ఏ ఆపరేషన్, ఏ తేదీన, ఎక్కడ జరిగిందో రాసిన డిశ్చార్జి కాగితం ఫొటో ఫోన్‌లోనూ, ఇంట్లో ఇంకొకరి దగ్గరా ఉండాలి. బైపాస్ అయినవారికి ఏళ్ల తర్వాత కూడా హఠాత్తుగా తీవ్రమైన కడుపు నొప్పి వస్తే పేగు లోపల మెలిపడి ఉండవచ్చు. అప్పుడు గ్యాస్ గోళీ వేసుకుని తెల్లవారేదాకా ఆగకుండా, ఆ కాగితం పట్టుకుని వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లాలి.