విమానాశ్రయంలో విశ్రాంతి మందిరాలు

బాటసారికి నీడనిచ్చే ఏర్పాటు తెలుగునాట అనాదిగా ఉన్నది. చలివేంద్రం దాహం తీర్చేది. ధర్మసత్రం రాత్రికి చోటిచ్చేది. వీటికి వెల లేదు. వెల చెల్లించగలవారికి పూటకూళ్ళ ఇళ్ళుండేవి. ఓరుగల్లులోని అటువంటి ఇంటి భోజనాన్ని ‘క్రీడాభిరామం’ వర్ణించింది. ఈ రెండు పద్ధతులూ నేటి అంతర్జాతీయ విమానాశ్రయాలలో పక్కపక్కనే కనిపిస్తాయి. అందరికీ తెరచి ఉండే నిరీక్షణశాల ఒకటి. కొందరికే ప్రవేశమున్న విశ్రాంతి మందిరం మరొకటి. ఈ రెండవదానినే ‘లాంజ్’ అంటారు.

1939లో న్యూయార్కులోని లాగార్డియా విమానాశ్రయంలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ సంస్థ ‘అడ్మిరల్స్ క్లబ్’ను నెలకొల్పింది. విమానయాన సంస్థల లాంజ్‌లకు అదే నాంది. తొలినాళ్ళలో ఆహ్వానితులకు మాత్రమే అందులో ప్రవేశముండేది.

లాంజ్‌ల తారతమ్యాన్ని గ్రహించడానికి దుబాయి విమానాశ్రయం చక్కని ఉదాహరణ. 2014లో అది లండన్ హీత్రోను దాటి, అంతర్జాతీయ ప్రయాణికుల సంఖ్యలో ప్రపంచంలోనే ప్రథమ స్థానాన్ని పొందింది. 2024లో 9 కోట్ల 23 లక్షల మంది దాని మీదుగా ప్రయాణించారు. వారిలో అనేకులు ఒక విమానం దిగి మరొకటి ఎక్కేవారే. నడుమ ఉండే విరామం కొన్ని గంటలు. ఆ గంటలను సుఖవంతం చేసి ప్రయాణికుని తమవైపు తిప్పుకోవాలని విమాన సంస్థలు పోటీపడతాయి.

ఇక్కడి లాంజ్‌లు స్థూలంగా మూడు విధాలు. మొదటిది ఎమిరేట్స్ సంస్థ ప్రథమ శ్రేణి ప్రయాణికులకు ఏర్పాటు చేసినది. 2013లో ప్రారంభమైన ‘ఏ’ కాన్‌కోర్స్‌లో ఇది ఒక అంతస్తునంతటినీ ఆక్రమించింది. కోరిన వంటకాన్ని కూర్చున్నచోటికే తెచ్చి వడ్డిస్తారు. అక్కడి నుండే నేరుగా విమానంలోకి ప్రవేశించవచ్చు. రెండవది బిజినెస్ తరగతివారిది. ఇందులోనూ స్నానపు గదులు, విశ్రాంతి స్థలాలు ఉన్నాయి. అయితే బల్లలపై అమర్చిన పదార్థాలను ఎవరికి వారే వడ్డించుకోవాలి. మూడవది ‘మర్హబా’ వంటి రుసుము లాంజ్. ‘మర్హబా’ అంటే అరబ్బీ భాషలో స్వాగతం. ఏ తరగతి ప్రయాణికుడైనా రుసుము చెల్లించి, నిర్ణీత సమయంపాటు ఇక్కడ ఉండవచ్చు.

కొన్ని బ్యాంకు కార్డులు గలవారికి ఇటువంటి లాంజ్‌లలో ‘ఉచిత’ ప్రవేశం లభిస్తుంది. నిజానికి ఏదీ ఉచితం కాదు. ప్రథమ శ్రేణివారి ఖర్చు టిక్కెట్టు ధరలోనే ఇమిడి ఉంటుంది. కార్డుదారు తరఫున బ్యాంకు లాంజ్ నిర్వాహకులకు సొమ్ము చెల్లించి, దానిని వార్షిక రుసుము మొదలైన రూపాలలో రాబట్టుకుంటుంది. అందుచేతనే రద్దీ పెరిగిన కొద్దీ భారతీయ బ్యాంకులు పలు నిబంధనలు విధించాయి. నిర్ణీత మొత్తం ఖర్చు చేసినవారికే ప్రవేశమన్నది వాటిలో ఒకటి.

కాబట్టి వంటకాల సంఖ్యను బట్టి లాంజ్‌ను ఎంచడం సరికాదు. విరామం గంటకు మించనివానికి ఎంత గొప్ప లాంజ్ అయినా వ్యర్థమే. దుబాయిలో ఒక భాగం నుండి మరొక భాగానికి రైలులో వెళ్ళవలసి రావచ్చు. రాత్రంతా ప్రయాణించి, మరో ఆరు గంటలు వేచి ఉండవలసినవానికి పది రకాల పిండివంటల కన్నా ఒక్క స్నానపు గది మిన్న.

జగిత్యాల, నిజామాబాద్, కోనసీమ ప్రాంతాల నుండి గల్ఫుకు వెళ్ళిన శ్రామికులలో అధికులకు ఈ మూడు తలుపులూ తెరుచుకోవు. ఏళ్ళ తరబడి శ్రమించి, ఇంటికి బయలుదేరే రోజున వారు వేచి ఉండేది సామాన్య నిరీక్షణశాలలోనే. అక్కడి తాగునీరు, శుభ్రమైన మరుగుదొడ్లు, ప్రార్థన మందిరం, ఇంటికి కబురు పంపడానికి ఉచిత అంతర్జాల సౌకర్యమే వారికి చలివేంద్రం, ధర్మసత్రం. లాంజ్‌ల వైభవం విమాన సంస్థల సంపదను చాటుతుంది. విమానాశ్రయపు ఆదరణను తెలుసుకోవాలంటే మాత్రం ఆ శాలలోని కుర్చీలనే పరిశీలించాలి.